సగం రొట్టె

పోయిన నెలలో ఒకనాటి మధ్యాహ్నం, మా బడిలో నాతో పాటు పనిచేసే టీచరు వాళ్ళింటికి భోజనానికి పిలిస్తే పోయాను. వాకిట్లో చెప్పులు విడుస్తుండగానే లోపలి నుంచి నువ్వులు వేయిస్తున్న వాసన వచ్చింది. సన్నటి సెగ మీద, ఇనుప పెనంలో చిటపటలాడుతూ రంగు మారే నువ్వులు, వాటి వెనకే ఎండుమిరపకాయ, వెల్లుల్లి. ఎవరికైనా నోరూరే వాసన అది. నాకు మాత్రం కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి. తర్వాత ఆ పొడి వడ్డించినప్పుడు కూడా, ఆ ఇంటామె తన కంచంలో కలుపుకొని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని మింగేదాకా నేను చెయ్యి కదపలేదు. ఆమె గమనించలేదనే అనుకుంటాను. నలభై దాటిన మనిషిని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. అన్నం పెట్టే చేతిని ఇట్లా అనుమానంగా చూడటం సిగ్గుపడాల్సిన సంగతే. కానీ ఈ చూపు నాకు తొమ్మిదేండ్ల వయసులో అంటుకుంది, మా అన్న పోయిన ఏడాది.

మాది కడప నుంచి కమలాపురం పోయే దారికి కొంచెం లోపలగా ఉండే నేతగాళ్ళ ఊరు. మా వీధిలో ఇల్లంటే మగ్గమే. పడసాలలో నేలను నడుములోతు తవ్వి, ఆ గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చొని నేసేవాళ్ళు మా నాయనా, అన్నా. పొద్దు పొడిచేసరికి ఏదో ఒక ఇంట్లో మొదలైన టకటక, పక్కింటికి, ఆ పక్కింటికి పాకి, ఎండెక్కేసరికి వీధి వీధంతా ఒకటే చప్పుడై, ఆ చప్పుడులోనే మాటలు, తిట్లు, పసిపిల్లల ఏడుపులు అన్నీ కలిసిపోయేవి. ఎండాకాలం పొద్దున్నే పోగులను వీధి పొడవునా సాగదీసి కట్టి, గంజి పూసి, పెద్ద కుంచెలతో దువ్వేవాళ్ళు. ఆ పుల్లటి గంజి వాసన పీల్చుకుంటూ మేము పోగుల కింద వంగి ఇటునుంచి అటు దూరేవాళ్ళం. ఒక్క పోగు తెగినా వీపు మోగేది. మబ్బు పట్టి రెండు చినుకులు రాలితే, నల్లరేగడి పగుళ్ళలోంచి లేచే వేడి వాసనకు పెద్దవాళ్ళు కూడా పని ఆపి వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్ళు. చలికాలం ఉదయాల్లో జొన్నరొట్టె తట్టే చప్పుడు, రోట్లో నూరిన శెనగవిత్తనాల ఊరిబిండి, పండగనాడు అలసందల వడలు, ఓళిగలు, పీర్ల పండక్కి సాయిబుల ఇండ్ల నుంచి చెంబులతో వచ్చే బెల్లం పానకం.

ఆ పానకం మా జేజి మమ్మల్ని తాగనిచ్చేది కాదు. నాయనమ్మను మా వైపు జేజి అంటాము. ఆమెకు సాయిబులని కాదు, లోకమంతా అనుమానమే. దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలను ఉండ చుట్టి పొయ్యిలో వేసేది. గోళ్ళు తీస్తే లెక్కగా ఏరి కాగితంలో కట్టి దాచేది. పాలగిన్నె మీద మూత ఒక వేలెడు పక్కకు జరిగి ఉంటే, ఎవరు వచ్చారు, ఎందుకు తీశారు, ఏమి చూశారు అని సాయంత్రం దాకా అడిగేది. బంధువుల పెండ్లికి పోయినా ఇంటి నుంచి సద్ది కట్టుకొని పోయి, ఒక మూల కూర్చొని తినేది. మాకు నవ్వొచ్చేది. అన్న అయితే ఆమె ఎదుటే ఆమెలాగ కండ్లు చికిలించి మంచినీళ్ళ చెంబులోకి తొంగిచూసేవాడు. జేజి కొట్టడానికి చెయ్యెత్తి, తానూ నవ్వేసేది. ఆమెను నవ్వించగలిగినవాడు ఇంట్లో అన్న ఒక్కడే.

అన్న పేరు ఓబులేసు. నాకంటే పదేండ్లు పెద్ద. మా నడుమ పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కలేదు. అందుకేనేమో, నేను పుట్టినప్పటి నుంచి నన్ను నేల మీద నడవనిచ్చేవాడు కాదని అమ్మ చెప్పేది. మగ్గం గుంటలో తన పక్కనే నన్ను కూర్చోబెట్టుకొని, ఒక చేత్తో నేస్తూ, మధ్యలో ఆగి, మిగిలిన రంగు పోగులతో నా జడకు కుచ్చులు అల్లేవాడు. మగపిల్లలు ఆడరని తెలిసినా నాతో గులకరాళ్ళు ఎగరేసి పట్టే అచ్చంగాయలు ఆడేవాడు. ఎప్పుడూ ఓడిపోయేవాడు. కావాలని ఓడిపోతున్నాడని నాకు గట్టి అనుమానం ఉండేది గానీ, ఎంత చూసినా పట్టుకోలేకపోయాను. ఒకసారి ఒంటిమిట్ట తేరుకు తీసుకుపోయాడు. భుజాల మీద ఎక్కించుకొని, జనం మధ్యలోకి చొచ్చుకుపోయి, తేరు లాగే మోకును నా చేత తాకించాడు. అప్పుడే తేరు కదిలింది. "సూస్తివా, నువ్వు ముట్టుకుంటేనే కదిలింది" అన్నాడు. నేను నమ్మలేదు. కానీ వారం రోజుల పాటు బడిలో అందరికీ అదే చెప్పాను.

మా ఇంటికి ఎదురుగా రంగమ్మత్త ఇల్లు. మాకు వరసకు అత్త. మొగుడు పోయాక, పద్దెనిమిదేండ్ల కూతురు పద్మతో కలిసి వీధిలోని మగ్గాలకు కండెలు చుట్టి బతికేది. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు కండెలు రోజూ అందకపోతే మగ్గం నడవదు కాబట్టి, వీధిలో ఆమె రాట్నం ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది. ఆమె రాట్నం చెడితే అన్న పోయి బాగుచేసేవాడు. పోయినప్పుడల్లా ఆమె ఏదో ఒకటి తినిపించేది. తిని వచ్చి, ఆ ఇంటి పచ్చడి రుచి గురించి అన్న చెప్పేవాడు. పద్మ గురించి చెప్పేవాడు కాదు. చెప్పకపోవడమే నాకూ జేజికీ ఒకేసారి అనుమానం తెచ్చింది. జేజి తన కూతురి బిడ్డనే అన్నకు చేసుకోవాలని ఎప్పుడో తీర్మానించుకుంది. నాకైతే, అన్న నా జడకు కుచ్చులు అల్లడం మరచిపోయాడన్నదే పెద్ద నేరం.

ఒకరోజు జేజి నన్ను పొయ్యి దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది.

"వాని ఎంట నువ్వూ పో. ఆయమ్మ ఏం పెడతాందో, ఎట్ల పెడతాందో కండ్లారా సూసి రా. నువ్వు మాత్రం ఆడ పచ్చినీళ్ళు గూడా ముట్టాకు."

నేను పోయాను. చలికాలపు ఎండ పెరట్లో కానగచెట్టు కింద పడుతోంది. అన్న రాట్నం ముందు కూర్చొని ఏదో బిగిస్తున్నాడు. పద్మ నూలు చిక్కు తీస్తూ, నన్ను చూసి నవ్వింది. నేను నవ్వలేదు; పనిమీద వచ్చినదాన్ని కదా. రంగమ్మత్త పెనం మీది నుంచి పొగలు కక్కే జొన్నరొట్టె తెచ్చి, గూట్లోంచి ఒక కాగితపు పొట్లం తీసి, విప్పి, నల్లటి పొడి రొట్టె మీద చల్లి, చమురు చుక్కలు వేసి అన్న చేతికిచ్చింది. నల్లనువ్వుల పొడి. ఆ వాసనకు నా నోట్లో నీళ్ళూరాయి. అన్న నా ముఖం చూసి, రొట్టెను సగానికి తుంచి నా చేతిలో పెట్టాడు. "తిను. జేజికి నేను చెప్పనులే" అన్నాడు. తిన్నాను. వేళ్ళు నాక్కున్నాను. రంగమ్మత్త ఇంకొంచెం పొడి చల్లింది.

పది పదిహేను రోజులకు అన్నకు అన్నం సయించడం మానేసింది. తిన్నది తిన్నట్టు కక్కుకునేవాడు. పొద్దున లేచేసరికి కండ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి పాదాలు బరువెక్కి మగ్గం తొక్కలేకపోయేవాడు. అంతకు ముందు ఎండాకాలం నుంచే ముఖం ఉబ్బుగా ఉండేదని, మేము నిద్రమొహమని ఎగతాళి చేసేవాళ్ళమని ఎవరికీ గుర్తు రాలేదు. జేజికి గుర్తొచ్చింది ఒక్కటే. నన్ను గోడకు నిలబెట్టి అడిగింది.

"ఆ పొద్దు ఆయమ్మ ఏం పెట్టె?"

"రొట్టె."

"రొట్టె మింద?"

"పొట్లం విప్పి పొడి చల్లింది."

"ఎట్లుండె పొడి?"

"నల్లగుండె."

జేజి అమ్మ వైపు తిరిగి, "ఇన్న్యావా" అంది. మరులు మందు అని అప్పుడే ఆ మాట మొదటిసారి విన్నాను. కూతుర్ని కట్టబెట్టడానికి పిల్లవాని మనసు మళ్ళించే మందు అట. కొలత తప్పితే మనిషినే తినేస్తుందట. నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. చెప్పిన ప్రతి మాటా జరిగినదే. నేనూ సగం తిన్నానన్నది మాత్రం చెప్పలేదు, ముట్టాకు అన్న జేజి కొడుతుందని.

పెన్న అవతల ఒక పల్లెలో మందు తీసేవాడు ఉండేవాడు. ఆదివారం పరగడుపున అన్నను అక్కడికి తీసుకుపోయారు. నన్నూ తీసుకుపోయారు, చూసినదాన్ని కాబట్టి. ఆ మనిషి లోటా నిండా పచ్చటి పసరు తెచ్చి అన్న చేత తాపించాడు. ఒక్క గుక్కకే అన్న కండ్లు ఎర్రబడ్డాయి. తర్వాత గంటసేపు, పేగులు బయటికొస్తాయా అన్నట్టు కక్కుతూనే ఉన్నాడు. నాయన నడుము పట్టుకున్నాడు, అమ్మ తల పట్టుకుంది. నేను ఆ మనిషి ఎడమచేతినే చూస్తూ నిలబడ్డాను. వంగేటప్పుడు ఆ పిడికిలి మూసి ఉండింది. లేచేటప్పుడు తెరిచి ఉండింది. కక్కిన దాంట్లోంచి వెంట్రుకలు చుట్టిన నల్లటి ఉండ ఒకటి పుల్లతో తీసి, ఇదే మందు అన్నాడు. జేజి దాన్ని కాగితంలో చుట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అన్న కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. అమ్మా జేజీ ముందు సీట్లో ఉన్నారు. నా చెయ్యి పట్టుకొని, వాళ్ళకు వినపడకుండా అన్నాడు.

"గౌరీ, నువ్వు తిన్న సంగతి ఎవురికీ చెప్పాకు. చెప్తే నీగ్గూడా తాపిస్తారు."

"నాకేం కాలేదు గదన్నా."

"ఏం కాదు. అది వట్టి నువ్వుల పొడే. నాకు తెలుసు."

"మరి నువ్వెందుకు తాగితివి?"

"నేను తాగితే జేజి ఇంతటితో ఊరకుంటాదనుకుంటి" అని కండ్లు మూసుకున్నాడు.

జేజి ఊరుకోలేదు. ఇంటికి వచ్చీ రాగానే ఆ పొట్లం తీసుకుపోయి రంగమ్మత్త గడపలో విసిరింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. వీధంతా చుట్టూ చేరింది. రంగమ్మత్త కండె చేతిలో పట్టుకొని బయటికొచ్చి, "బిడ్డ ఆకలి మీద ఉంటే రొట్టె పెట్టినా. అంతకు మించి నాకేమీ తెలీదు" అంది. "పొడి చల్లినావా లేదా? నా మనవరాలే సూసింది" అని జేజి నన్ను ముందుకు లాగింది. రంగమ్మత్త నా వైపు చూసింది. నోరు తెరిచింది. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. నా గొంతులో పచ్చటి పసరు అప్పుడే దిగుతున్నట్టు అనిపించింది. వెనక మా వాకిట్లో అన్న గోడ పట్టుకొని నిలబడి, "వద్దత్తా" అన్నాడు. అంతే. ఆమె నోరు మూసుకుంది. పద్మ మాత్రం తల్లి చెయ్యి పట్టుకొని ఊపుతూ, "చెప్పుమా, చెప్పుమా" అని ఏడ్చింది. వీధివాళ్ళకు ఆ ముగ్గురి తీరూ అనుమానాన్ని గట్టిచేసింది. పిల్లవాడు ఇప్పటికీ ఆ ఇంటిని వెనకేసుకొస్తున్నాడంటే మందు ఇంకా దిగలేదని, ఇంకో రెండు ఆదివారాలు పసరు తాపించారు. అన్న తాగాడు. నేను రెండుసార్లూ చూస్తూ నిలబడ్డాను.

మూడో ఆదివారం తర్వాత అన్న లేవలేకపోయాడు. మా బడి అయ్యవారు చూడటానికి వచ్చి, నాయనను పక్కకు పిలిచి గట్టిగా చివాట్లు పెడితే, అప్పుడు కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. రెండు మూత్రపిండాలూ చెడిపోయాయని, ఈ జబ్బు మొదలై శానా నెలలైందని డాక్టరు చెప్పాడట. శానా నెలలంటే రొట్టెకు ముందు. నాయన ఆ మాట మోసుకొచ్చి ఇంట్లో చెప్పాడు. జేజి విని, "ఎవురు సూసినారు, అంతకు ముందెప్పుడో గూడా పెట్టింటాది" అంది.

పన్నెండు రోజులకు అన్నను తెచ్చారు. ఎండ బాగా ఎక్కిన వేళ, వీధి మొదట్లో వ్యాను ఆగింది. నాయన దిగి, ఎవరి వైపూ చూడకుండా వాకిట్లో చతికిలబడ్డాడు. ఆ రోజు వీధిలో ఒక్క మగ్గం ఆడలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులో పెరిగినదాన్ని, మొదటిసారి మా ఊరిలో కాకుల అరుపు విన్నాను. అన్న పాదాలు ఉబ్బి, మెరుస్తూ, ఎవరివో పాదాల్లాగ ఉండినాయి. నేను వాటిని పట్టుకొని ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. ఎవరో నన్ను విడదీసి ఎత్తుకుపోయారు. ఎదురింటి తలుపు ఆ రోజంతా మూసే ఉంది. మూసిన తలుపు వెనక పద్మ ఏడుపు నాకు వినిపించింది. అది ఏడుపో, ఇంకేదో అని జేజి ఆ దుఃఖంలోనూ చెవి పెట్టి విన్నది.

తర్వాత రంగమ్మత్తకు ఎవరూ నూలు ఇవ్వలేదు. కొళాయి దగ్గర ఆమె బిందెకు తగిలేలా ఎవరూ తమ బిందె పెట్టేవాళ్ళు కాదు. రెండు నెలలు చూసి, రాట్నం, పెట్టె, నాలుగు గిన్నెలు బండికెత్తుకొని తల్లీ కూతుళ్ళు రాజంపేటకు వెళ్ళిపోయారు. బండి మా వాకిలి దాటేటప్పుడు పద్మ నన్నే చూస్తూ పోయింది. నేను తలుపు చాటుకు తప్పుకున్నాను.

నేను చదువుకున్నాను, ఉద్యోగమొచ్చింది, పెండ్లయింది. కొత్తలో మా అత్తగారు ప్రేమగా పాయసం కలిపిస్తే, ఆమె చూడకుండా పిల్లి ముందు పెట్టి, పిల్లికి ఏమీ కాలేదని చూశాక తాగాను. ఆ మూడు ఆదివారాలు ఆసుపత్రిలో గడిచి ఉంటే అన్న బతికేవాడా అని తెలిసిన డాక్టర్లను అడిగాను. ఆ రోజుల్లో కష్టమేనమ్మా అన్నారు. నన్ను ఊరడించడానికి అంటున్నారేమోనని వాళ్ళనూ అనుమానించాను. కానీ అన్నిటికంటే ఎక్కువగా నన్ను తొలిచింది రంగమ్మత్త మౌనం. నీ మనవరాలు కూడా తిన్నది, దానికేమైంది అని ఒక్క మాట అంటే జేజి నోరు పడిపోయేది. ఎందుకు అనలేదు? అనలేకపోయిందంటే, ఆ పొట్లంలో నిజంగానే ఏదో ఉందా? నేను తిన్న సగంలో లేనిది, అన్న తిన్న సగంలో ఉందా? చదువుకున్నదాన్ని, ఇట్లాంటి ప్రశ్న వేసుకోకూడదని తెలుసు. ముప్ఫై ఏండ్లకు పైగా వేసుకుంటూనే ఉన్నాను.

టీచరింట్లో భోజనం చేసి వచ్చిన మరుసటి ఆదివారం రాజంపేట బస్సెక్కాను. మా ఊరి ఆమె ఒకరు ఎప్పుడో చెప్పిన గుర్తులు పట్టుకొని వెతికితే, ఒక సందులో పద్మ బట్టలు కుట్టే ఇల్లు దొరికింది. ముందు గదిలో మిషను, లోపల మంచం మీద రంగమ్మత్త. చూపు దాదాపు పోయింది. ఓబులేసు చెల్లెల్ని అని చెప్పగానే మిషను చప్పుడు ఆగింది. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను, సగం రొట్టె సంగతి, భయం సంగతి, ఇన్నేండ్ల అనుమానం సంగతి కూడా.

"నా ముందరే గదమ్మా తినింటివి, నాకు తెలీదా" అంది రంగమ్మత్త.

"మరి ఎందుకు చెప్పలేదత్తా?"

"చెప్పాలనే నోరు తెరిచినా. వాడు నీ పక్క సూసి వద్దన్న్యాడు. ఎందుకన్న్యాడో తెలిసిపాయ. తొమ్మిదేండ్ల బిడ్డవు, ఆ పసరు తాపితే తట్టుకుంటావా? వానికి బాగైనాక అన్నీ చెప్తాంలే అనుకుంటి. వాడే పాయ. ఇంగ చెప్తే మాత్రం ఎవురింటారు?"

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. ఆమె చెయ్యి తడుముకుంటూ వచ్చి నా తల మీద పడింది. పద్మ మాత్రం మిషను దగ్గర నుంచి లేవలేదు.

"ఊరుకుంటానని తలొంచింది మా యమ్మ. నన్నెవురూ అడగల్యా" అంది. "ఈడ చెప్తే ఏమొస్తాది? యాడ అన్న్యారో ఆడికి పోయి చెప్పు."

ఆమె అడిగినది న్యాయమే. ఆ వారమే మా ఊరికి పోయాను. మగ్గాల వీధిలో మగ్గాల్లేవు. గుంటలు పూడ్చి బండలు పరిచారు. రంగమ్మత్త ఇల్లున్న చోట క్యాన్లలో నీళ్ళు నింపి అమ్ముతున్నారు. ఆ రోజు చుట్టూ చేరిన వాళ్ళలో ఒక్కరూ లేరు. కొందరు పోయారు, కొందరు పిల్లల దగ్గరికి చేరారు. గంజి వాసన లేదు, టకటక లేదు, తెగిన పోగుకు తిట్టే గొంతుల్లేవు. ఒక కొత్త కోడలు బయటికొచ్చి, "ఎవురు కావల్ల మా?" అని అడిగింది. ఎవరూ వద్దని చెప్పి వచ్చేశాను.

జేజీ నాయనా ఎప్పుడో పోయారు; ఆ మందు మాట నమ్మినవాళ్ళలో నేను చెప్పగలిగిన మనిషి ఇంక ఒక్కరే మిగిలారు. కడపలో నా దగ్గరే ఉండే మా అమ్మ. సాయంత్రం ఆమె చాప మీద కూర్చొని మునగాకు దూస్తుంటే, ఎదురుగా కూర్చొని చెప్పాను. నేనూ ఆ రొట్టె తిన్నానమ్మా, నాకేమీ కాలేదు, అందులో మందు లేదు, అన్నకు తెలుసు, రంగమ్మత్తకు తెలుసు, ఇద్దరూ నాకోసమే నోరు మూసుకున్నారు అని. అమ్మ దూసిన రెమ్మను పక్కన పడేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. మళ్ళీ ఒక రెమ్మ తీసుకొని ఆకు దూస్తూ, తల ఎత్తకుండానే అంది.

"మగపిల్లోనికి పెట్టిన మందు ఆడపిల్లకు యాడ పారతాదమ్మా?"

ఆ మాట ఆ రోజు జేజి కూడా అని ఉండేదేమో. అట్లయితే, నిజం చెప్పినా రంగమ్మత్త మీది నింద పోయేది కాదు, నాకు పసరూ తాపేవాళ్ళు కాదు; అన్నదీ, అత్తదీ, నాదీ, మా ముగ్గురి మౌనానికి ఏ అర్థమూ లేదు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ అన్న అంతగా పసరు తాగింది నన్ను లేచి వెళ్ళిపొమ్మని కాదు. చాప మీద అమ్మకు ఇంకొంచెం దగ్గరగా జరిగి, ఆమె చేతిలోని రెమ్మ తీసి పక్కన పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.